రెండు పడవలు, మూడు రోజులు: చిలికాలో పక్షుల కోసం

ఈ సంక్రాంతి సెలవుల్లో పక్షులను చూద్దామని బరంపురం నుండి బయలుదేరిన మేము చిలికా సరస్సులో రెండు పడవలెక్కాము. మొదటిది మోటారు పడవ, నాలుగు గంటలకు 3,600 రూపాయలు. రెండవది గడకర్రతో నెట్టే చెక్క పడవ, మూడు గంటలకు 1,500 రూపాయలు. 3,600 పుచ్చుకున్న మనిషి మీద కోపం నాకు ఇంకా చల్లారలేదు. 1,500 తీసుకున్నాయన చూపించిన ఉదయాన్ని మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ రోజూ ఎవరో ఒకరు తలుచుకుంటూనే ఉన్నారు.

వెళ్లినది నలుగురం: నేను, మా వారు, పదమూడేళ్ల మా అమ్మాయి, డెబ్బై నాలుగేళ్ల మా మామయ్యగారు. మామయ్యగారు రైల్వేలో పని చేసి రిటైరయ్యారు. ఉద్యోగపు రోజుల్లో రంభ దాటాక కిటికీలోంచి చిలికా నీళ్ల మీద బారులు తీరిన బాతులను ఎన్ని వందల సార్లు చూశానో అని చెబుతూ ఉంటారు గానీ, ఒక్కసారైనా దిగి చూసింది లేదు. అసలు ఈ ప్రయాణం ఆయన కోసమే పెట్టుకున్నాము.

మొదటి రాత్రి సరస్సు దక్షిణపు ఒడ్డున ఒక లాడ్జిలో దిగాము. గది ఒక్కంటికి 2,800 చొప్పున రెండు గదులు తీసుకున్నాము; కిటికీ తెరిస్తే పక్షులే పక్షులని ఫోనులో చెప్పారు. కిటికీ తెరిస్తే జనరేటరు షెడ్డు కనిపించింది. దాన్నైనా క్షమించేదాన్ని, కానీ పెరట్లో పిక్నిక్కుకు వచ్చినవారి డీజే పెట్టెలు రాత్రి పదకొండున్నర దాకా మోగాయి. మా వారు రెండు సార్లు కిందకు వెళ్లి బతిమాలితే, సెలవుల్లో జనం వచ్చేది సరదా కోసమే కదా అని మేనేజరు తలుపు వేసుకున్నాడు. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరతామని ముందే చెప్పినా వేడినీళ్లు ఏడు దాటాకే వస్తాయన్నారు. ఆ చలిలో మామయ్యగారు చన్నీళ్లతోనే స్నానం చేశారు. రెండో రాత్రికి కట్టిన అడ్వాన్సు 1,400 రూపాయలు తిరిగి ఇవ్వలేదు. పక్షుల కోసం వెళ్లేవారు గది తీసుకునే ముందు అడగవలసింది ఏసీ గురించి కాదు, తెల్లవారుజామున టీ, వేడినీళ్లు ఇస్తారా, రాత్రి పాటలు పెడతారా అని.

లాడ్జి వారే కుదిర్చిన మోటారు పడవ మాకు అసలు దెబ్బ. నలబాన దీవి లోపలికి తీసుకెళ్లి చూపిస్తానని ఆ పడవవాడు మాట ఇచ్చాడు. నలబాన అంటే రెల్లు వనం. సుమారు 15.5 చదరపు కిలోమీటర్ల ఆ దీవి వానాకాలంలో నీట మునిగి, చలికాలానికి బురద నేలలతో బయటపడుతుంది. అందుకే వలస పక్షులకు అది పెద్ద మేత చోటు. 1987 నుండి అది అభయారణ్యం. సందర్శకులు లోపల అడుగు పెట్టడానికి వీల్లేదని మాకు తరువాత తెలిసింది. ఎవరైనా లోపలికి తీసుకెళ్తామంటే ఆ బేరం అక్కడితోనే ఆపేయండి.

దీవి ఇంకా చాలా దూరంలో ఉండగానే, విశాలమైన నీళ్ల మీద సూదితోక బాతుల గుంపు ఒకటి కనిపించింది. వందల్లో ఉన్నాయి. మగవాటి ముదురు గోధుమ రంగు తలలు, మెడ పక్కన తెల్లని గీత కళ్లకు స్పష్టంగా తెలుస్తున్నాయి. మేము చూస్తుండగానే పడవవాడు ఇంజను వేగం పెంచి నేరుగా గుంపు మధ్యకు పోనిచ్చాడు. నీళ్లే లేచి గాలిలోకి వెళ్లాయా అన్నట్టు బాతులన్నీ ఒక్కపెట్టున లేచాయి. మా అమ్మాయి మొదట చప్పట్లు కొట్టింది, తరువాత ఎందుకో ఫోను దించేసింది. పాప వీడియో కోసం ఎగరగొట్టాను, 200 ఇప్పించండి అని పడవవాడు చేయి చాపాడు.

"వాటి నోటి దగ్గర మేత చెడగొట్టడానికా నీకు డబ్బులిచ్చింది?" అని మామయ్యగారు ఒడియాలో గట్టిగా అడిగారు. పెళ్లై వచ్చిన ఈ పదహారేళ్లలో ఆయన గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు. తిరుగు ప్రయాణంలో ఎవరం మాట్లాడుకోలేదు. సైబీరియా, మంగోలియా, బైకాల్ సరస్సు ప్రాంతాల నుండి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షులవి. మార్చిలో మళ్లీ అంత దూరమూ ఎగరడానికి కావలసిన కొవ్వును ఇక్కడి మేతతోనే కూడబెట్టుకోవాలి. లేపిన ప్రతిసారీ మేసే సమయం పోతుంది, మేసి దాచుకున్న బలమూ పోతుంది. పక్షుల గుంపును ఎగరగొట్టమని ఏ పడవవాణ్ణీ అడగకండి. అడగకుండానే ఎగరగొట్టేవాడికి పైసా కూడా పైన ఇవ్వకండి.

ఆ మధ్యాహ్నమే లాడ్జి ఖాళీ చేసి, జాతీయ రహదారి 16 మీద ఉత్తరంగా టాంగి దాకా వెళ్లి, అక్కడి నుండి పక్కదారి పట్టి చిలికా ఉత్తరపు ఒడ్డునున్న మంగళజోడి అనే ఊరు చేరాము. బరంపురం నుండి నేరుగా వెళ్తే టాంగి సుమారు 110 కిలోమీటర్లు. ఊళ్లో ఒక ఇంటివారు రెండు గదులు, మూడు పూటల భోజనం కలిపి మనిషికి 1,300 చొప్పున ఇచ్చారు. గదులు చిన్నవే అయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, తెల్లవారుజామున ఐదింటికి అల్లం టీ అడగకుండానే వచ్చింది. రాత్రి భోజనంలో అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు), ఆవపిండి వేసిన రొయ్యల కూర, పక్కన బడి చూర పెట్టారు. బడి చూర అంటే వేయించిన మినప వడియాలను వెల్లుల్లి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలతో కలిపి నలిపిన పొడి. దాన్ని వేడన్నంలో కలుపుకుని మా అమ్మాయి మూడు సార్లు వడ్డించుకుంది. ఫోనుకు సిగ్నలు లేదని సాయంత్రమంతా ముడుచుకున్న ముఖం అప్పుడు విప్పారింది. పీతల కూరకు వేరే 250 తీసుకున్నారు, అదీ న్యాయమైన ధరే.

మరునాడు ఉదయం మా చెక్క పడవ నడిపినాయనకు యాభై ఏళ్లుంటాయి. తన తండ్రి ఈ నీళ్లలోనే విషం పెట్టి, వలలు పన్ని బాతులను పట్టి అమ్మేవాడని, చిన్నతనంలో తానూ బుట్టలు మోశానని దాచకుండా చెప్పాడు. మామయ్యగారు తల ఊపారు. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసిన బాతులను సంతల్లో అమ్మడం ఆయనా చూశారట. సుమారు 2000 సంవత్సరం నాటికి ఊరివారే పక్షుల రక్షణ సమితి కట్టుకుని వేట మానేశారు. వేటగాళ్లుగా పక్షుల చోట్లు, వేళలు తెలిసినవారే ఇప్పుడు గైడ్లుగా, కాపలాదారులుగా బతుకుతున్నారు. ఊరి పర్యాటక సంస్థకు 2018లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ పురస్కారం వచ్చింది. ఆయన మాత్రం దాని గురించి ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు, ఎందుకంటే అప్పటికే రెల్లు పొదలో దేన్నో చూపించే పనిలో ఉన్నాడు.

పడవ ఎక్కే ముందు మా అమ్మాయి ఎర్ర స్వెట్టరు మీద నా బూడిద రంగు శాలువా కప్పమన్నాడు. ఆపైన మాటలు లేవు. గడకర్ర నీళ్లలో దిగుతున్న చప్పుడు కూడా వినపడీ వినపడనట్టుగా ఉంది. మంచు విడిచేసరికి మా ఎడమ పక్కన, పదిహేను అడుగుల దూరంలో ఒక గాడ్విట్ నిలబడి ఉంది. ఉల్లంకి పిట్టలకు పెద్దన్న వంటి పక్షి అది. నిటారైన పొడవాటి ముక్కు, మొదట్లో గులాబి రంగు, కొసన నలుపు. ఆ ముక్కును మొదలంటా బురదలోకి దించుతుంది. ఒక్కోసారి కళ్ల దాకా ముఖం మునిగిపోతుంది. కనపడని పురుగును ముక్కు కొసతో తడిమి పసిగట్టి, పైకి లాగి, ఒక్క గుటకలో మింగి మళ్లీ దించుతుంది. మా అమ్మాయి గుసగుసగా లెక్కపెట్టింది: నిమిషంలో ఇరవై ఆరు సార్లు. ముఖమంతా బురద. మా వైపు ఒక్కసారి తల తిప్పి చూసి మళ్లీ తన పనిలో పడింది. మనల్ని లెక్కచేయకుండా తన మేత తాను మేసుకుంటున్న అడవి పక్షిని అంత దగ్గరగా చూడడంలోని సంతోషం ఎంతటిదో నాకు ఆ క్షణం దాకా తెలియదు.

ఇంకా చాలా చూశాము. ఊదా రంగు నీటికోడి ఒకటి రెల్లు కాడను కాలితో పట్టుకుని, మనం చెరుకు ముక్క పట్టుకున్నట్టు నోటి దగ్గర పెట్టుకుని తింటోంది. తామరాకుల మీద నడిచే జకానాలు ఈ కాలంలో పొడుగు తోకను రాల్చుకుని వెలిసిన గోధుమ రంగులో ఉంటాయట. వాటిలో గుడ్లు పొదిగేది మగపిట్ట అని పడవాయన చెబితే మా వారు నవ్వు ఆపుకోలేకపోయారు. నారింజ రంగు చక్రవాకాల జంట కనిపించినప్పుడు మామయ్యగారు బైనాక్యులర్స్ దించలేదు. కావ్యాల్లో రాత్రంతా ఎడబాటుతో ఏడ్చే పక్షి ఇదేనమ్మా అని మనవరాలికి చెప్పారు. నిజంగా విడిపోతాయా అని ఆ పిల్ల పడవాయనను అడిగితే, లేదు పాపా, రాత్రి కూడా పక్కపక్కనే మేస్తాయి, నేను ఎన్నోసార్లు చూశాను అన్నాడు. మామయ్యగారికి ఆ మాట ఎంత నచ్చిందో ఆయన ముఖంలోనే కనిపించింది.

వెళ్లదలచినవారు నవంబరు చివరి నుండి ఫిబ్రవరి మధ్య లోపల వెళ్లండి. ఆపైన గుంపులు పలచబడతాయి. ఉదయం ఆరింటి పడవే ఎక్కండి, ఎండెక్కితే పక్షులు దూరం జరుగుతాయి, నీటి మీద వెలుగు కళ్లలో పడుతుంది. బైనాక్యులర్స్ కొనేవారు 8x42 అని రాసి ఉన్నవే తీసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తాయి, 42 మిల్లీమీటర్ల అద్దం తెల్లవారుజాము మసక వెలుతురుకు సరిపోతుంది. పది రెట్లవి ఊగే పడవలో చేతికి నిలవవు. ఒక్క నత్తగుల్ల కొంగల కోసమైతే చిలికా దాకా పోనక్కర లేదు. సరిహద్దు దాటగానే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానాకాలంలో అవి ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. టెక్కలి దగ్గరి తేలినీలాపురం చింతచెట్ల మీద చలికాలంలో గూడబాతులను (పెలికాన్లను) చూడవచ్చు.

మూడో రోజు ఛత్రపురం తంపరా చెరువు గట్టున గంటసేపు కూర్చుని ఇంటికి వచ్చేశాము. పెట్రోలు, భోజనాలు, పడవలు, గదులు, పోయిన అడ్వాన్సు అన్నీ కలిపి నలుగురికి 20,150 రూపాయలు అయింది. లాడ్జికి, మోటారు పడవకు పోసినదే అందులో సగానికి పైగా ఉంది.

మామయ్యగారు పాత డైరీ ఒకటి తీసి, చూసిన ప్రతి పక్షికి తెలుగు పేరు, ఒడియా పేరు రాసి పెట్టుకుంటున్నారు. పేరు తెలియని చోట ఖాళీ వదిలారు. నిన్న ఉదయం మా అమ్మాయిని వెంటబెట్టుకుని బరంపురంలోనే రామలింగం చెరువు గట్టుకు వెళ్లారు. నీటికాకులు తొమ్మిదే ఉన్నాయని ఆయన, పదకొండని ఆ పిల్ల వాదించుకుంటూ ఇంటికి వచ్చారు. ఎండకు రెక్కలు ఆరబెట్టుకుంటున్న రెండింటిని తాతగారు చూడలేదని ఆ పిల్ల ఫిర్యాదు. డైరీలో మాత్రం పదకొండనే రాశారు.