పసుపు చొక్కాతో మూడు క్లాసికోలు

పసుపు మనకు శుభం. కొత్త బట్టలకు ఓ మూలన ఇంత పసుపు పెట్టి గానీ ఒంటిమీద వేసుకోం. ఆ రంగు చొక్కాతో మెక్సికోలోని గ్వాడలహారాలో పొద్దున్నే టిఫిన్‌కి దిగితే, గెస్ట్‌హౌస్ నడిపే పెద్దావిడ కాఫీ జగ్గు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని అడిగింది. మా బావమరిది ఫోన్‌లో నాలుగు నెలలుగా నేర్చుకున్న స్పానిష్ అంతా కూడదీసుకుని, "అమెరికా నుంచి" అన్నాడు. ఆవిడ జగ్గు టేబుల్ మీద పెట్టేసింది.

మేముండే దేశాన్ని అక్కడ ఎస్తాదోస్ ఉనీదోస్ అంటారట. ఉట్టి 'అమెరికా' అంటే, అదీ పసుపు చొక్కా వేసుకున్నవాడి పక్కన నిలబడి అంటే, పసుపు చొక్కాల మెక్సికో సిటీ ఫుట్‌బాల్ జట్టు, క్లబ్ అమెరికా అనే అర్థం. గ్వాడలహారా జట్టు చీవాస్‌కి, దానికి పాముకీ ముంగిసకీ ఉన్నంత స్నేహం. ఆవిడ నవ్వుతూనే "మీహో, అది మార్చుకుని వెళ్లు" అంది. మీహో అంటే మన 'నాయనా' లాంటి పిలుపు.

మేం డాలస్‌లో ఉంటాం. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే ఇండియన్ పాస్‌పోర్టుకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు కాబట్టి, ఏడాదిన్నరలో మూడు శుక్రవారాలు విమానం ఎక్కి మూడు ఊళ్లలో మూడు క్లాసికోలకు వెళ్లాం. క్లాసికో అంటే బద్ధ శత్రువుల మధ్య మ్యాచ్. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో ఇక్కడ రాయను. ఎక్కడ దిగాలి, స్టేడియానికి ఎలా వెళ్లాలి, ఏ పోటీ నిజంగా చూడదగ్గది అన్నదే చెబుతాను. ముగ్గురు నలుగురు అడుగుతున్నారు కూడా.

ఆ రోజు గ్వాడలహారాలో జరిగేది అమెరికా మ్యాచ్ కాదు, ఆ ఊరిదే ఇంకో జట్టు అట్లాస్‌కీ చీవాస్‌కీ మధ్య. గ్వాడలహారా వాళ్లను తపాతియో అంటారు, అందుకని ఇది క్లాసికో తపాతియో. చీవాస్ 1906లో పుట్టింది. స్థాపించినవాళ్లలో ముఖ్యుడు బెల్జియం నుంచి వచ్చినవాడైనా, ఇవాళ ఆ జట్టులో మెక్సికన్ ఆటగాళ్లు తప్ప ఎవరూ ఆడరు. అట్లాస్ 1916లో, ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చిన కలవారి పిల్లలు పెట్టుకున్నది. జనం జట్టు ఒకటి, బాబుల జట్టు ఒకటి అని మొదట్లో పడిన ముద్ర ఇంకా పోలేదు. కానీ బాబుల జట్టుకి అదృష్టం మాత్రం కలిసిరాలేదు. 1951లో ఒక్కసారి లీగ్ గెలిచి, మళ్లీ 2021 డిసెంబరులో గెలిచింది. డెబ్భై ఏళ్లు! వాళ్ల వీరాభిమానుల గుంపు పేరు బార్రా 51. ఆ ఒక్క గెలుపు సంవత్సరాన్నే పేరుగా పెట్టుకున్నారు. తాత చూసిన కప్పు గురించి మనవడు పాడుకుంటూ పెరిగాడన్నమాట. నాకు అట్లాస్ మీద ప్రేమ పుట్టింది అక్కడే.

మేం దిగింది కొలోనియా అమెరికానా అనే పేటలో (పేరు చూసి మళ్లీ కంగారు పడకండి). పాత బంగళాలు, చెట్ల నీడ, నడిచి వెళ్లేంత దూరంలో హోటళ్లు. రాత్రి పదకొండు తర్వాత బార్ల మోత తప్ప పేరు పెట్టడానికి లేదు. వీధి వైపు గది ఇస్తే వద్దనండి. ఊరి నడిబొడ్డున, కెథడ్రల్ చుట్టూ, గదులు ఇంకా చవక. కానీ చీకటి పడ్డాక సందడి తగ్గిపోతుంది. అట్లాస్ ఆడే హలిస్కో స్టేడియానికి కాల్సాదా ఇండిపెండెన్సియా రోడ్డు మీద వెళ్లే మాక్రో బస్సు చాలు. దానికి రోడ్డు మధ్యలో విడిగా దారి ఉంది, ట్రాఫిక్‌లో ఇరుక్కోదు.

ఆ స్టేడియం 1960లో తెరిచారు. కుర్చీలు ఇరుకు, మరుగుదొడ్లు దారుణం, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. అయినా 1970 ప్రపంచ కప్‌లో పీలే తలతో కొట్టిన బంతిని ఇంగ్లండ్ కీపర్ బ్యాంక్స్ ఆపిన చోటు ఇదేనని తెలిశాక, ఆ గోల్‌పోస్టు వైపు చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాను. 2010 దాకా చీవాస్‌కి కూడా ఇదే ఇల్లు. తర్వాత వాళ్లు ఊరి పడమటి అంచున, సపోపాన్‌లో సొంత స్టేడియం కట్టుకున్నారు. గడ్డి మొలిచిన అగ్నిపర్వతంలా ఉంటుంది, చూడముచ్చటైనదే. మ్యాచ్ అయ్యాక అక్కణ్ణుంచి టాక్సీ దొరకడం మాత్రం మన సంక్రాంతికి ఊరెళ్లే బస్సులో సీటు దొరకడం లాంటిది. నేనైతే చీవాస్, అట్లాస్ మ్యాచ్ హలిస్కోలో ఉన్నప్పుడే చూడమంటాను. ఒకే ఊరు, ఒకే పాత ఇల్లు, ఇద్దరు పాలివాళ్లు.

తిండి విషయం: తోర్తా అహోగాదా తినకుండా రావద్దు. గట్టి రొట్టెలో మాంసం పెట్టి టమాటా పులుసులో ముంచేస్తారు. పైన పోసే ఎర్ర మిరప సాస్ మన నోటికి కూడా మంటే. అందులో పంది మాంసం వేస్తారు. బావమరిది శాకాహారి కాబట్టి కాల్చిన మొక్కజొన్న, జున్ను కేసదియాలతో కడుపు నింపుకున్నాడు.

మెక్సికో సిటీలో బస అనుభవం బాగాలేదు. రోమా పేటలో ఓ హోటల్, పేరెందుకు లెండి, ఆన్‌లైన్‌లో ఒక రేటు చూపించి, దిగాక పన్నులంటూ ఇంకొంత వేసి, మ్యాచ్ వారాంతమని మరికొంత వేసింది. గదిలో వేడినీళ్లు లేవు. ఇంకోసారి వెళ్తే కొయొవాకాన్‌లో దిగుతాను. స్టేడియానికి దగ్గర, పేట ప్రశాంతం, సాయంత్రం చౌకులో కూర్చుని చూర్రోలు తినొచ్చు. ప్రయాణం మాత్రం భలే చవక: 5 పెసోల మెట్రోలో తస్కేన్యా దాకా, అక్కడ 3 పెసోల లైట్ రైలు ఎక్కితే అజ్టెకా స్టేడియం ముందే దిగుతాం. వెళ్లేటప్పుడు హాయి. వచ్చేటప్పుడు ఆ రైలు ఎక్కడానికి గంటంబావు పట్టింది.

2024లో ప్రపంచ కప్ మరమ్మతులకు మూతపడక ముందు మేం చూసిన అజ్టెకా అది. లోపలికి అడుగు పెట్టగానే ఊపిరి తీసుకోవడం మరిచిపోతాం. ఊరు 2,200 మీటర్లకు పైన ఉంది కాబట్టి పై అంతస్తు మెట్లెక్కాక నిజంగానే ఊపిరి అందదు, అది వేరే సంగతి. 1966లో తెరిచారు, 1970, 1986 ప్రపంచ కప్ ఫైనళ్లు రెండూ ఇక్కడే. ఈసారి నా పసుపు చొక్కాకి మహరాజ భోగం. ముక్కూ మొహం తెలియనివాళ్లు కౌగలించుకున్నారు. పక్క వరుసలో ఎరుపూ తెలుపూ చారల చొక్కాలు కూడా బోలెడు. చీవాస్ అంటే మేకలు. ఎగతాళికి పెట్టిన పేరును వాళ్లే బిరుదుగా చేసుకున్నారు, ఇప్పుడు 'పవిత్రమైన మంద' అని కూడా చెప్పుకుంటారు.

అమెరికా, చీవాస్ మ్యాచ్‌ని క్లాసికో నాసియోనాల్ అంటారు, దేశం మొత్తం పోటీ అని. ఈ పగ వెనక టీవీ ఉంది. 1959లో అస్కార్రాగా కుటుంబం క్లబ్ అమెరికాను కొన్నది, తర్వాత టెలివిసా అనే మహా టీవీ సంస్థ నడిపిందీ వాళ్లే. డబ్బు పెట్టి విదేశీ ఆటగాళ్లను తెచ్చే రాజధాని జట్టు ఇటు, అందరూ మనవాళ్లే అనే గ్వాడలహారా జట్టు అటు. 1957 నుంచి 1970 దాకా ఎనిమిది లీగ్‌లు గెలిచి చీవాస్ ఏలింది. 1984లో ఈ రెండూ ఫైనల్‌లో తలపడితే, ఇదే మైదానంలో అమెరికా గెలిచింది. ఆ రోజు చీవాస్ పెనాల్టీని ఆపిన కీపర్ సెలాదా పేరు ఇప్పటికీ తాతలు చెబుతారు. 2024 డిసెంబరు నాటికి గెలిచిన లీగ్‌ల లెక్క అమెరికాకి 16, చీవాస్‌కి 12. 'నన్ను ఇంకా ద్వేషించండి' అన్నది అమెరికా వాళ్ల నినాదం. మన హీరోల ఫ్లెక్సీలు చూసి పెరిగిన నాకు దాన్ని విడమరచి చెప్పాల్సిన పని పడలేదు.

మరి బాగుందా? హంగు బాగుంది. కానీ టికెట్ ధర మూడింటిలో ఇదే ఎక్కువ, చుట్టూ సగంమంది నాలాగే చూడ్డానికి వచ్చినవాళ్లు. పోలీసు కవచాల వరసలు, మూడుచోట్ల తనిఖీ. 2022 మార్చిలో కెరెతారోలో అట్లాస్ మ్యాచ్‌లో ప్రేక్షకులు దారుణంగా కొట్టుకున్నాక, బయటి జట్టు బార్రాలను, అంటే వీరాభిమానుల గుంపులను, రానివ్వడం ఆపేశారు, ఫాన్ ఐడీ అని ఫొటోతో నమోదు కూడా పెట్టారు. మేం పాస్‌పోర్టుతో చేయించుకున్నాం. పది నిమిషాల పని, ముందురోజే చేసుకోండి. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక మాట. కీపర్ గోల్ కిక్ కొట్టినప్పుడు స్టేడియం మొత్తం ఒక బూతు అరుస్తుంది. దానికి ఫిఫా ఎన్నిసార్లు జరిమానా వేసినా ఆగలేదు.

ఊళ్లోనే అమెరికాకి ఇంకో రెండు పోటీ జట్లున్నాయి. పూమాస్ యూనివర్సిటీ జట్టు, వాళ్ల స్టేడియం గోడ మీద దియెగో రివేరా చెక్కిన రాతిచిత్రం ఉంది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి మ్యాచ్, నెత్తిన ఎండ. మ్యాచ్ లేకపోయినా వెళ్లండి. ఇక క్రూస్ అసుల్ సిమెంట్ కార్మికుల జట్టు. 2013 ఫైనల్ ఆఖరి క్షణాల్లో అమెరికా కీపర్ మొయిసెస్ మున్యోస్ ముందుకు పరిగెత్తుకొచ్చి తలతో గోల్ కొట్టి, పెనాల్టీల్లో కప్పు లాక్కుపోయాడు. నోటి దాకా వచ్చిన ముద్ద జారవిడుచుకోవడాన్ని స్పానిష్‌లో 'క్రూసాసులియార్' అంటున్నారు. జట్టు పేరు క్రియాపదమైపోయింది, పాపం.

మాంటెర్రేకి వద్దాం. అసలు చెప్పాలనుకున్నది ఈ ఊరి గురించే. తిగ్రెస్, రయాదోస్: మొదటిది యూనివర్సిటీ జట్టు, పసుపు. రెండోది 1945లో పుట్టిన క్లబ్ మాంటెర్రే, నీలం తెలుపు చారలు. లీగ్‌లో మొదటిసారి తలపడింది 1974లో, 3-3. అమెరికా, చీవాస్‌లకు దేశమంతా అభిమానులుంటే, వీళ్లకు ఊరు దాటితే పెద్దగా లేరు. ఊళ్లో మాత్రం పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి పక్షం ఉంది. 1996లో తిగ్రెస్ కింది డివిజన్‌కి దిగజారింది రయాదోస్ చేతిలో ఓడిన రోజునే. 2017 ఫైనల్‌లో రయాదోస్ కొత్త స్టేడియంలోనే కప్పెత్తి తిగ్రెస్ బదులు తీర్చుకుంది. రెండేళ్లకు కాంకకాఫ్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ క్లబ్బుల కప్పు) ఫైనల్‌లో రయాదోస్ మళ్లీ దెబ్బ కొట్టింది. బాకీల పద్దు తెగడం లేదు.

మ్యాచ్ తిగ్రెస్ వాళ్ల స్టేడియం వోల్కాన్‌లో. అక్కడ సీట్లు దాదాపు అన్నీ సీజన్ పాసులవాళ్లవే, విడి టికెట్ దొరకడం గగనం. ఆన్‌లైన్‌లో తిరిగి అమ్మే ఒకాయన దగ్గర రెండు కొన్నాం. గేటు దగ్గర స్కాన్ చేస్తే ఎర్రలైటు. అదే టికెట్‌తో అప్పటికే ఎవరో లోపలికి వెళ్లిపోయారు. వోల్కాన్ లోపల డ్రమ్ములు మోగుతున్నాయి, మేం బయట.

"బావా, పోనీ గదికి పోదాం. ఇక్కడ నిలబడి ఏం చేస్తాం?" అన్నాడు వీడు.

బారియో అంతిగ్వో పేటలో మేం దిగిన ఇంటికి తిరిగొచ్చాం. పై రెండు గదులు అద్దెకిస్తూ కింద ఓ కుటుంబం ఉంటుంది. పెరట్లో నిప్పుల మీద మాంసం, గోడకి టీవీ, ఇరవై మంది. ఇంటాయన తిగ్రెస్, ఇంటావిడ రయాదోస్, పెద్దకొడుకు తండ్రి పక్షం, కూతురు తల్లి పక్షం, ఆరేళ్ల చిన్నవాడికి అటో చెవి ఇటో చెవి. నా పసుపు చొక్కా చూసి ఆయన కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆవిడ ఆ చొక్కా వేసుకున్నవాడికి మాంసం ఆఖర్న వడ్డిస్తానంది. అన్నంత పనీ చేసింది! గోల్ పడ్డప్పుడు ఒక సగం లేచి గంతులు, రెండో సగం తలొంచుకుని రొట్టెలు కాల్చుకోవడం. ఆట ముగిశాక ఓడినవాళ్లు గిన్నెలు కడగాలని ఒప్పందం. నవ్వుకుంటూనే కడిగారు గానీ ఇంటాయన ఆ రాత్రి మరి మాట్లాడలేదు. ఈ ఊళ్లో స్టేడియంలో కూడా రెండు రంగుల చొక్కాలూ పక్కపక్కనే కూర్చుంటాయట.

శాకాహారులకు హెచ్చరిక: ఉత్తర మెక్సికోలో చిక్కుడు గింజల కూరలో పంది ముక్కలు వేస్తారు, గోధుమ రొట్టె పిండిలో కొవ్వు కలుపుతారు. బావమరిదికి కాల్చిన ఉల్లికాడలు, నాగజెముడు ముక్కలు, మొక్కజొన్న రొట్టెలు విడిగా పెట్టించాను. నేను మర్నాడు మేకపిల్ల కాల్చి పెట్టే కబ్రితో తిన్నాను. చీవాస్ వాళ్లకు చెప్పకండి.

రయాదోస్ స్టేడియం కూడా చూసొచ్చాం. 2015లో కట్టింది, లోపల కూర్చుంటే ఎదురుగా జీను ఆకారంలో సెర్రో దె లా సీయా కొండ. మెట్రో మొదటి లైన్ చివర, ఎక్స్‌పొసిసియోన్‌లో దిగి నడవాలి. వసతుల్లో మూడు ఊళ్లలోకీ ఇదే మేలు. వేసవిలో మధ్యాహ్నం వద్దు, మన రెంటచింతల ఎండ గుర్తొస్తుంది. ఎవరైనా ఒక్కసారే వెళ్లగలమంటే మాంటెర్రేకే పంపిస్తాను, టికెట్ క్లబ్ దగ్గర దొరికితేనే కొనమని చెప్పి. దొరక్కపోతే ఎవరింటి పెరట్లోనైనా కుర్చీ సంపాదించుకోండి. రెండో ఓటు హలిస్కోకి. అజ్టెకా మూడోది, అదీ స్టేడియం కోసం.

చొక్కా అక్కడే వదిలేశాను. ఆరేళ్లవాడికి మోకాళ్ల దాకా వచ్చింది, వాళ్లమ్మ గుర్రుగా చూసింది. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టు తనిఖీ దగ్గర ఒకాయన మా సామాన్లో ఫుట్‌బాల్ కండువాలు చూసి ఏ జట్టని అడిగాడు. గ్వాడలహారా పాఠం ఒంటబట్టిన బావమరిది ఎవరికీ కోపం రాని పేరు వెతికి "క్రూస్ అసుల్" అన్నాడు. ఆయన వాడి భుజం తట్టి, బ్యాగు తెరవకుండానే పంపించేశాడు.