సలహాలు ఇవ్వని గది: ఆరేళ్లు వెళ్లాక

నా తాగుడు మాన్పించే సలహాలకు మా ఇంట్లో ఎప్పుడూ కొదవ లేదు. తెనాలి నుంచి బావగారు అయ్యప్ప మాల వేసుకోమనేవారు. వేసుకున్నాను కూడా; 41 రోజులు ముట్టలేదు, తీసిన రోజు రాత్రే లెక్క సరిచేశాను. మా మేనేజరు పరగడుపున నిమ్మరసం తాగమనేవాడు. పక్కింటి పిన్నిగారు పసరు మందు ఇచ్చేవాళ్ల అడ్రసు రాసిచ్చారు. అందరిదీ మంచి మనసే. అన్నీ విని సాయంత్రానికి క్వార్టర్ తెచ్చుకునేవాణ్ని.

అందుకే తాగుడు మానేవాళ్ల మీటింగుల (ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏఏ అంటారు) గురించి ఎవరైనా అడిగితే నేను మానడానికి వాళ్లు చెప్పే పన్నెండు మెట్ల దగ్గర మొదలుపెట్టను. ఆ గదిలో నువ్వు మాట్లాడుతున్నంతసేపు ఎవరూ అడ్డు రారు, అయ్యాక కూడా 'ఇలా చెయ్యి' అనరు. థాంక్యూ అంటారు, వంతు పక్కవాడికి పోతుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఓ షేర్ల వ్యాపారి, ఓ సర్జను, ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్లే, ఒకరి గోడు ఒకరికి చెప్పుకోవడంతో మొదలైన పద్ధతట ఇది. చెప్పేవాడూ వినేవాడూ ఒకటే బాపతు కాబట్టి క్లాసు పీకేవాడు లేడు. నాకు నచ్చింది అదొక్కటే.

2019 ఫిబ్రవరిలో మొదటిసారి వెళ్లాను. అప్పటికి ఆస్పత్రిలో వారం ఉండి వచ్చాను. (రోజూ తాగేవాళ్లు మాత్రం సొంతంగా ఒక్కసారే ఆపేయకండి. నాకు రెండో రోజే ఫిట్స్ వచ్చాయి. ఆ పని డాక్టరుది, మీటింగుది కాదు.) సికింద్రాబాద్‌లో చేతిలోని కాగితం ప్రకారం వెళ్తే చర్చి వెనక గదికి తాళం వేసుంది. గ్రూపు వేరేచోటికి మారింది, కాగితం మారలేదు. వీధి చివర వైన్స్ బోర్డు వెలుగుతోంది. కాగితం మీది నంబరుకు చేస్తే ఓ పెద్దాయన "ఆడ్నే ఉండు, ఎటూ పోకు, పది నిమిషాల్ల వస్తున్న" అన్నాడు. పాత స్కూటరు మీద వచ్చాడు. ఎంత తాగుతావనీ ఎప్పట్నుంచనీ అడగలేదు. "గట్టిగ పట్టుకో, బ్రేకు జర ఎక్కువ పడతది" అన్నాడంతే.

ఫీజు లేదు. సంచి తిప్పుతారు, వేసేవాళ్లు వేస్తారు. బయటివాళ్ల చందా తీసుకోరు. మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు. దేవుడి ప్రస్తావన తరచూ వస్తుంది. నా పక్కన కూర్చునే పాత కామ్రేడ్ ఆ మాట వినబడినప్పుడల్లా తలెత్తి ఫ్యాన్ చూస్తాడు, అయినా నాకంటే ముందు నుంచీ వస్తున్నాడు. నేను మొదట్లో "ఆల్కహాలిక్‌ని" అనేవాణ్ని. ఇంగ్లీషు మాట కదా, షుగరు, బీపీల్లాగా మర్యాదగా ఉండేది. "తాగుబోతుని" అనడానికి ఐదు నెలలు పట్టింది. అది మా ఆవిడ గొడవల్లో వాడే మాట.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మీటింగులు వీడియో కాల్‌లోకి మారాయి. వైన్స్ కూడా మూసేశారు గనక ఆ నెలన్నర నేనేదో గెలిచినట్టు తిరిగాను. మే 6న తెలంగాణలో షాపులు తెరిచారు. పాల ప్యాకెట్లు కొనుక్కుని వస్తున్నాను. రోడ్డు మీద సున్నంతో గీసిన వలయాలు, వాటిల్లో మాస్కులేసుకున్న మనుషులు, ఒకాయన గొడుగు కూడా తెచ్చుకున్నాడు. ఓ వలయం ఖాళీగా ఉంది. వెళ్లి అందులో నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను, ఎండ మాత్రం గుర్తుంది. ఇంటికొచ్చి కాచేసరికి పాలు విరిగిపోయాయి. మా ఆవిడ గిన్నెలోకి చూసింది, తర్వాత నా సంచి కేసి చూసింది.

మర్నాడు మీటింగులో చెప్పేశాను. థాంక్యూ అన్నారు. తర్వాతి ఆయన మైకు ఆన్ చేసుకుని కూతురి ఆన్‌లైన్ క్లాసుల గురించి మొదలుపెట్టాడు. గదిలో అయితే అయిపోయాక టీ ఉంటుంది, గ్లాసు చేతికిస్తూ మొహంలోకి చూసేవాడు ఉంటాడు, చెప్పులేసుకుంటుంటే వచ్చి పక్కన నిలబడేవాడు ఉంటాడు. ఇక్కడ కాల్ అయిపోతే నల్లటి తెర, అందులో నా మొహం. ఎవరైనా ఫోన్ చేస్తారని చూశాను. చెయ్యలేదు. ఇంకో మూడు రోజులు తాగాను. నాలుగో రోజు నేనే పెద్దాయనకు చేసి తిట్టాను. అంతా విని, "నువ్వే చేస్తవని ఆగిన. చేయకుంటే ఏం జేద్దునో నాకే తెల్వది" అన్నాడు. ఆ కోపం నాకింకా పూర్తిగా పోలేదు. ఆయన్ని వదల్లేదు కూడా.

అంచేత పైన నచ్చింది అదొక్కటే అన్నానే, దాన్ని కొంచెం సవరించుకోవాలి. సలహా ఇవ్వకపోవడం నాకు పనిచేసింది చివర్న టీ ఉన్నప్పుడే. వీడియో మీటింగులు ఊరెళ్లినప్పుడు ఇప్పటికీ వాడుకుంటాను గానీ, కొత్తవాళ్లకు మాత్రం చెప్పను.

నా పరిస్థితి కొంత తేలిక లెండి. గది రెండు స్టాపుల దూరం, ఆరింటికి ఆఫీసు అయిపోతుంది, మందులు డాక్టరు చూసుకున్నారు, ఇంట్లోవాళ్ల కోసం వేరే మీటింగు ఉంటే మా ఆవిడ దానికి వెళ్తోంది. నైట్ డ్యూటీల వాడికి, అందరికీ మొహం తెలిసిన చిన్న ఊరివాడికి ఇదే కుదురుతుందని చెప్పలేను. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలెయ్యాలంటారు. నేను చెప్పుకున్న మాటొకటి మా ఆఫీసు దాకా వచ్చింది, ఎవరు మోశారో తెలీదు. ఆడవాళ్లు మా గదికి ఆరేళ్లలో ముగ్గురే వచ్చారు, ఇద్దరు ఆగలేదు. ఇది కుదరదనుకుంటే మత్తు మానేవాళ్ల కోసం 14446 హెల్ప్‌లైన్ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, ఫోన్‌కు డబ్బులు పడవు.

వెళ్లేవాళ్లు ఏ కాగితం మీది అడ్రసూ నమ్మకుండా ముందు ఫోన్ చేసుకుని వెళ్లండి. మా గ్రూపు నిరుడు మళ్లీ మారింది.