ఆర్‌పీ అనే కంటిజబ్బుకి పదమూడేళ్ళుగా వాడి చూసినవి: నెయ్యి నుంచి నల్ల కంచం దాకా

2012లో మా ఆడపడుచు పెళ్ళి. రాత్రి భోజనాల వేళ పందిట్లో కరెంటు పోయింది. జనరేటర్ వేసేలోపు అందరూ సెల్‌ఫోన్ల వెలుగులో మామూలుగానే తిరుగుతున్నారు, నేను మాత్రం వెళ్ళి సాంబారు గంగాళం మీద పడ్డాను. మోచెయ్యి కాలింది. "చూసుకుని నడవొద్దటమ్మా" అన్నారు పెద్దవాళ్ళు. చూసుకునే నడిచాను, కనపడలేదు. అప్పటికి పదేళ్ళ నుంచీ సినిమాహాల్లో మా ఆయన చెయ్యి పట్టుకునే సీటు దాకా వెళ్ళేదాన్ని. అది ప్రేమనుకునేవాళ్ళు అందరూ.

పరీక్షలు చేసి రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు, ఆర్‌పీ అంటారు క్లుప్తంగా. రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, మసక వెలుతురు కోసం ఉండే రాడ్ కణాలు ముందు పోతాయి కాబట్టి రేచీకటి వస్తుంది. తర్వాత పక్కచూపు తగ్గుతూ తగ్గుతూ గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుంది. జన్యువుల్లోంచి వచ్చే జబ్బు. మా అమ్మానాన్నలది మేనరికం. "మందు లేదమ్మా, ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి" అని రెండు నిమిషాల్లో పంపేశారు. మందు లేదంటే మనవాళ్ళు ఊరుకుంటారా? నేనూ ఊరుకోలేదు.

మొదట ఇంటివైద్యం. మా అమ్మ వారం వారం మేక లివర్ వండి పెట్టేది. మా ఊళ్ళో ఒక పిల్లాడికి లివర్ తిన్నాక రేచీకటి పోయిందట. అమ్మ చెప్పింది అబద్ధం కాదు. విటమిన్ ఎ తక్కువై వచ్చిన రేచీకటి లివర్ తింటే తగ్గుతుంది. నాది ఆ రకం కాదు, కానీ రెండిటినీ పిలిచే పేరు ఒకటే. పొన్నగంటి కూర సంగతి సరేసరి. "పోయిన కంటి కూరే పొన్నగంటి కూర అయింది" అని మా అత్తయ్య ఏళ్ళ తరబడి పెట్టింది. చూపులో పిసరంత తేడా లేదు. పెసరపప్పుతో బాగుంటుంది కాబట్టి ఇప్పటికీ వండుతాను. నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతవరకే. ఆ చెట్టు పాలు కంట్లో పిండుకోమని ఒకాయన చెప్పాడు. ఆ పని మాత్రం చచ్చినా చెయ్యకండి.

2014లో కేరళలో ఒక ఆయుర్వేద కంటి ఆసుపత్రికి వెళ్ళాం. ఇరవయ్యొక్క రోజులు. మినప్పిండి ముద్దతో కంటి చుట్టూ గట్టు కట్టి, అందులో గోరువెచ్చని మందు నెయ్యి పోస్తారు. ఆ నేతిలోనే రెప్పలు మూస్తూ తెరుస్తూ ఉండాలి. దీన్ని నేత్ర తర్పణం అంటారు. లోపలికి త్రిఫలా ఘృతం, ముక్కులో అణుతైలం, నుదుటి మీద తైలధార. నిజం చెప్పొద్దూ, నా పెళ్ళయ్యాక అంత విశ్రాంతి ఎప్పుడూ దొరకలేదు. తిరిగొచ్చి, పక్కచూపు ఎంత మిగిలిందో కొలిచే ఫీల్డ్ టెస్టు చేయించుకుంటే ముందటి కంటే మెరుగ్గా వచ్చింది! వీధంతా మైసూర్‌పాక్ పంచాను.

కొన్నేళ్ళ తర్వాత ఆ టెస్టు చేసే అమ్మాయి చెప్పింది. లైటు చుక్క కనపడగానే బటన్ నొక్కడం మొదటిసారి ఎవరికీ సరిగ్గా రాదట. రెండోసారికి చెయ్యి అలవాటుపడి చాలామందికి బాగా వస్తుందట. అంటే మెరుగుపడింది నా బటన్ నొక్కుడు.

అక్కడి వైద్యులు నయం చేస్తామని ఒక్కనాడూ అనలేదు. "ఉన్న చూపు నిలబడుతుంది" అన్నారు. కిటుకంతా ఆ మాటలోనే ఉంది. ఆర్‌పీ చాలామందిలో నత్తనడక నడుస్తుంది. రెండు మూడేళ్ళు మనకు తేడాయే తెలియకపోవచ్చు. ఆ మధ్యలో ఏది మింగినా చూపు నిలబడినట్టే ఉంటుంది. నేను డబ్బుల్లేక త్రిఫల మానేసిన ఏడాది కూడా ఫీల్డ్ టెస్టు రిపోర్టు అలాగే ఉంది. దాన్ని నేను ఎవరికీ చూపించుకోలేదు, మైసూర్‌పాక్ కూడా పంచలేదు.

డబ్బు పోవడం పెద్ద బాధ కాదు. నెయ్యి నమ్ముకుని ఏడాదికోసారి చేయించుకోవాల్సిన పరీక్ష రెండేళ్ళు ఎగ్గొట్టాను, అదీ బాధ. 2017లో చదివేటప్పుడు అక్షరాలు మసకబారాయి. కేరళకి ఫోన్ చేస్తే "మందు పనిచేస్తోంది, దోషం బయటికొస్తోంది" అన్నారు. ఎనిమిది నెలలు ఆ దోషం బయటికొస్తూనే ఉంది. చివరికి స్కాన్ తీయిస్తే మాక్యులా, అంటే రెటీనా నడిమి భాగం, నీరు చేరి వాచింది. ఆర్‌పీ ఉన్నవాళ్ళకు ఇది వస్తుందట, దీనికి మాత్రం మందు ఉంది. గ్లకోమాకి వాడే డోర్జోలమైడ్ చుక్కలే. కుడికన్ను తేరుకుంది, ఎడమకన్ను పూర్తిగా తేరుకోలేదు. ముందే వచ్చి ఉంటే తేరుకునేదా అని అడిగాను. డాక్టరుగారు చీటీ రాసుకుంటూ ఉండిపోయారు.

అల్లోపతి వైపు కూడా ఒక ముచ్చట ఉంది. 1993లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, రోజుకి 15,000 యూనిట్ల విటమిన్ ఎ వేసుకుంటే ఆర్‌పీ కాస్త నెమ్మదిస్తుందని. డాక్టరు చెబితే ఏళ్ళపాటు వేసుకున్నాను, ఏటా లివర్ పరీక్ష చేయించుకుంటూ. 2023లో ఆ పాత వివరాలనే జన్యుపరీక్షలతో కలిపి మళ్ళీ లెక్క కడితే లాభం కనపడలేదని తేల్చారు. మానేశాను. అమ్మ లివర్ కూరకి, ఆ మాత్రకి చివరికి ఒకటే మార్కులు పడ్డాయి. కాకపోతే తప్పయిందని వాళ్ళంతట వాళ్ళే లెక్క తీసి చెప్పారు. నెయ్యి పోసినవాళ్ళు నా ఫీల్డ్ టెస్టు కాగితం ఏనాడూ అడగలేదు.

త్రాటకం, అంటే దీపం వంక రెప్పవేయకుండా చూడడం, నలభై రోజులు చేశాను. కన్నీళ్ళు కారాయి. ప్రాణాయామం ఇప్పటికీ చేస్తాను, నిద్ర పడుతుంది, టెన్షన్ తగ్గుతుంది. కళ్ళకి ఏం చేస్తుందని అడగొద్దు.

ఇక నిజంగా పనికొచ్చినవి. వీటికి ఎవరూ ప్రకటనలు ఇవ్వరు. నల్ల కంచం: స్టీలు కంచంలో పెరుగన్నం నాకు కనపడదు, నల్లదాంట్లో మెతుకు మెతుకూ కనపడుతుంది. మెట్ల అంచుకి పసుపు టేపు. ఎండలోకి అంచున్న టోపీ, ముదురు పసుపు అద్దాలు. తలుపులు పూర్తిగా తెరిచో పూర్తిగా మూసో ఉంచాలని ఇంట్లో కట్టడి చేశాను, ఎందుకంటే ఓరగా వేసిన తలుపు అంచు నా నుదుటికి ఎన్నిసార్లు తగిలిందో లెక్కలేదు. ఫోన్లో టాక్‌బ్యాక్ తెలుగు చదివి వినిపిస్తుంది. 2021లో శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాను. ఆర్‌పీ ఉన్నవాళ్ళకు శుక్లం చిన్న వయసులోనే వస్తుంది, అది తీసేస్తే మధ్యచూపు తేటపడింది. పదమూడేళ్ళలో "అబ్బ, కనపడుతోంది" అనుకున్న రోజు అదొక్కటే.

తెల్లకర్ర పట్టుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది, సిగ్గుతో. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తగ్గినవాళ్ళకు పునరావాస విభాగం ఉంది. కర్రతో నడక అక్కడే నేర్చుకున్నాను. మొదటిరోజు మా సందులో అందరూ కిటికీల్లోంచి చూశారు. నాకు పక్కచూపు లేదు కాబట్టి నేను చూడలేదు, మా ఆయన చెప్పారు.

కేరళ నుంచి కర్కాటక మాసం చికిత్సకి రమ్మని ఏటా జూలైలో వాట్సాప్ వస్తుంది. ఈసారి మా ఆయనే "వెళ్దామా?" అన్నారు.

"తైలధారకైతే వెళ్దామండీ, ముందు ఇక్కడ స్కాన్ తేదీ ఎప్పుడో చూడండి" అన్నాను.