కాస్కేడ్ పర్వతాల్లో స్నోషూ నడక: మంచి మంచు కోసం వెతుకులాట

వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ పర్వతాల్లో శీతాకాలమంతా మంచుకు కొదవ ఉండదు. అయినా శనివారం ఉదయం స్నోషూలు (మంచులో కాలు కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) బిగించుకొని మొదటి అడుగు వేసేసరికి కాలి కింద ఎలాంటి మంచు ఉంటుందన్నది చాలావరకు గురువారం, శుక్రవారాల్లో అక్కడ వాన పడిందా, మంచు పడిందా అన్నదాని మీదే ఆధారపడుతుంది. పసిఫిక్ మహాసముద్రం మీదుగా వచ్చే తేమగాలి వెచ్చనిది కావడంతో, ఇక్కడి కనుమల్లో నడిశీతాకాలంలోనూ వాన పడుతుంది. అందువల్ల మంచు లోతు ఎక్కువగా ఉన్న చోటును వెతుక్కోవడం కంటే, గత మూడు రోజుల్లో వాన తాకని చోటును వెతుక్కోవడమే మేలని ఈ శీతాకాలపు వారాంతాల్లో మాకు బాగా అర్థమైంది.

వాతావరణ సూచనలో మేము ముందుగా చూసేది ఫ్రీజింగ్ లెవెల్, అంటే గాలి ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌గా (సున్నా డిగ్రీల సెల్సియస్‌గా) ఉండే ఎత్తు. కురిసే మంచు పూర్తిగా కరిగేలోగా మరికొంత కిందికి జారుతుంది కనుక, నేల మీద మంచు పడే హద్దు సాధారణంగా ఆ ఎత్తుకు సుమారు వెయ్యి అడుగులు దిగువన ఉంటుంది. ఇంటర్‌స్టేట్ 90 రహదారి మీది స్నోక్వాల్మీ కనుమ ఎత్తు సుమారు 3,000 అడుగులు, అమెరికా 2వ నంబరు రహదారి మీది స్టీవెన్స్ కనుమ 4,061 అడుగులు, మౌంట్ రెయినియర్ జాతీయ పార్కులో, ఆ పర్వతపు దక్షిణ వాలున ఉన్న పారడైజ్ 5,400 అడుగులు. నేను ముఖ్యంగా చెప్పదలచిన వారాంతానికి ముందు గురువారం ఫ్రీజింగ్ లెవెల్ 5,500 అడుగుల దగ్గర ఉండి, శుక్రవారం రాత్రికి 2,500కు పడిపోతుందని సూచన వచ్చింది. అంటే రెండు కనుమల్లోనూ ముందు వాన పడి, ఆ తడి గడ్డకట్టి, దాని మీద పలుచగా కొత్త మంచు పరుచుకుంటుంది. పారడైజ్‌లో మాత్రం మొదటినుంచీ మంచే పడుతుంది, చలి పెరిగేకొద్దీ అది తేలికవుతుంది. బరువైన పొర కింద, తేలికైన పొర పైన ఉన్నప్పుడు అడుగు నిలకడగా పడుతుంది. తుపాను మధ్యలో గాలి వేడెక్కితే ఈ వరుస తలకిందులై నడక కష్టమవుతుంది, మంచు చరియలు జారే ప్రమాదమూ పెరుగుతుంది.

సూచన నిజమైందో లేదో కొలమాన కేంద్రాల లెక్కలే చెబుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ నడిపే స్నోటెల్ కేంద్రాలు మంచు లోతుతో పాటు, ఆ మంచు కరిగితే ఎంత నీరవుతుందో కూడా నమోదు చేస్తాయి. ఈ రెంటి గ్రాఫు గీతలనూ పక్కపక్కన పెట్టి చూడటమే అసలు కిటుకు. లోతు తగ్గుతూ నీటి లెక్క పెరుగుతుంటే అక్కడ వాన పడిందనీ, మంచు ఆ నీటిని పీల్చుకొని కుంగిపోయిందనీ అర్థం. రెండూ కలిసి పెరుగుతుంటే కురిసింది మంచే. శుక్రవారం మధ్యాహ్నానికి స్టీవెన్స్ దగ్గరి కేంద్రంలో మొదటి తీరు, పారడైజ్‌లో రెండవ తీరు స్పష్టంగా కనిపించాయి. స్కీ కేంద్రాల ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే మంచు లోతు అంకె ఈ తేడాను చెప్పదు, కనుక దానికి నేను పెద్దగా విలువ ఇవ్వను.

మిగిలింది మంచు చరియల సూచన. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ శీతాకాలమంతా ప్రతిరోజూ, ఎత్తును బట్టి మూడు మండలాలకు విడివిడిగా, ఐదు మెట్ల కొలతలో (ఐదవది అన్నింటికంటే ప్రమాదకరం) ప్రమాద స్థాయిని ప్రకటిస్తుంది. ఆ శనివారం చెట్లు ముగిసే ఎత్తుకు పైన నాలుగవ మెట్టు, ఆ అంచున మూడవ మెట్టు ఉన్నాయి. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే జారుతాయి కనుక, పారడైజ్‌కు వెళ్ళినవారందరూ ఎక్కాలని ఆశపడే పనోరమా పాయింట్‌ను జాబితాలోంచి తీసేసి, వాలు తక్కువగా ఉన్న నిస్క్వాలీ విస్టా బాటకే పరిమితం కావాలని బయలుదేరక ముందే నిశ్చయించుకున్నాము.

బస విషయానికి వస్తే, పారడైజ్‌లోని పాత సత్రం శీతాకాలంలో మూసి ఉంటుంది. దిగువన సుమారు 2,700 అడుగుల ఎత్తులో, లాంగ్‌మైర్ దగ్గర ఉన్న నేషనల్ పార్క్ ఇన్ మాత్రం ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. పాతిక గదుల చిన్న బస కావడంతో వారాంతాలకు చాలా ముందుగానే నిండిపోతుంది. గదులు సాదాసీదావే, చెల్లించిన డబ్బుకు తగిన సౌఖ్యం లేదనే వారితో నేను వాదించను. కానీ దాని విలువ గదిలో లేదు, గేటులో ఉంది. లాంగ్‌మైర్ నుంచి పారడైజ్ వరకు ఉన్న సుమారు 12 మైళ్ళ రోడ్డును రాత్రిపూట మూసివేసి, ఉదయం మంచు తొలగించాకే తెరుస్తారు. కొన్ని శీతాకాలాల్లో వారాంతాల్లో తప్ప తెరవనే లేదు. పార్కు వెలుపల ఆష్‌ఫర్డ్‌లో బస చేసినవారు ముందు ప్రవేశద్వారం దగ్గర, తరువాత గేటు దగ్గర వరుసలో నిలబడవలసి వస్తుంది; లాంగ్‌మైర్‌లో ఉన్నవారు బస దగ్గరే ఉండి కబురు కోసం చూడవచ్చు. ఆ ఉదయం గేటు ఆలస్యంగా తెరిచారు. ఆలోగా ఎదురుగా ఉన్న ట్రైల్ ఆఫ్ ది షాడోస్ చుట్టి వచ్చాము. అక్కడ మంచు పలుచన, కాలక్షేపానికి తప్ప స్నోషూలకు పనికిరాదు. నవంబరు 1 నుంచి మే 1 వరకు పార్కులో ప్రతి వాహనంలోనూ, నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనమైనా సరే, టైరు గొలుసులు ఉండి తీరాలన్న నియమాన్ని తేలికగా తీసుకోకూడదు.

పైన పారడైజ్‌లో మంచు అనుకున్నదానికంటే బాగుంది. స్నోషూ చీలమండ దాకా దిగి ఆగుతోంది. కింది పొర గట్టిగా పట్టి ఉండటంతో అడుగు తీసేటప్పుడు బరువు తెలియలేదు. నిస్క్వాలీ విస్టా చుట్టు కేవలం 1.2 మైళ్ళే అయినా, ఎవరూ తొక్కని మంచులో ముందు నడిచేవారు బాట వేయాలి కనుక వంతులు మార్చుకుంటూ నడవడంతో సగం రోజు నిండుగా గడిచింది. చెట్ల మొదళ్ళ చుట్టూ కొమ్మల కింద ఏర్పడే గుంతలు పైకి కనిపించవు, వాటికి దూరంగా నడవాలి. మబ్బు దిగితే నేల, ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోయి దిక్కు తెలియదు. మాకు ఒకసారి అలాగే జరిగి, తెర తొలగేదాకా నిలబడిపోయాము. జాక్సన్ సందర్శకుల కేంద్రం శీతాకాలంలో ప్రధానంగా వారాంతాల్లో తెరిచి ఉంటుంది. తడిసిన చేతి తొడుగులు మార్చుకోవడానికి అదే ఆధారం.

వేరొక వారాంతంలో వెళ్ళిన స్నోక్వాల్మీ గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. చేరుకోవడం సులువు, అందుకే రద్దీ. తక్కువ ఎత్తు కనుక వాన బెడద. అయితే వరుసగా నాలుగైదు రోజులు గట్టి చలి ఉండి మంచు కురిస్తే, ఒక్కరోజు నడకకు దానిని మించిన సౌకర్యం లేదు. స్నో పార్క్ (శీతాకాలపు విహారానికి వచ్చేవారి కోసం మంచు తొలగించి ఉంచే పార్కింగ్ స్థలం) అనుమతి పత్రం మాత్రం ముందే తీసుకోవాలి. దారిలో ఒక దుకాణంలో అద్దెకు తీసుకున్న స్నోషూలలో ఒక జతకు రబ్బరు పట్టీ బీటలు వారి ఉంది. కౌంటరు దగ్గరే బూటుకు బిగించి చూశాము కనుక బయటపడింది. లాంగ్‌మైర్‌లో బస పక్కనున్న దుకాణంలోనే అద్దెకు ఇస్తారు. అక్కడి జతలు మాకు బాగానే పనిచేశాయి.

స్టీవెన్స్ కనుమ దాటి తూర్పుకు దిగితే పరిస్థితి మారిపోతుంది. పర్వతాలు తేమను పడమటి వైపే దింపుకోవడంతో ఇటువైపు మంచు తక్కువ పడుతుంది, కానీ లోయల్లో చల్లగాలి నిలిచిపోవడం వల్ల పడింది పొడిగా ఉంటుంది. వెనాచీ సరస్సు సుమారు 1,900 అడుగుల ఎత్తులోనే ఉన్నా, స్నోక్వాల్మీలో వాన పడిన వారంలో కూడా ఇక్కడ మెత్తని మంచు దొరికింది. స్కీ కోసం మంచులో తీసిన గాడులను తొక్కకుండా, స్నోషూలకు కేటాయించిన బాటల్లోనే నడవాలి. బసకు ఇటువైపున్న లెవెన్‌వర్త్ పట్టణంలో ఎంపిక చాలా ఉంది కానీ డిసెంబరు దీపాలంకరణ రోజుల్లో అక్కడ ప్రశాంతత ఆశించలేము. ఇంకా పొడి మంచు కావాలంటే మెథావ్ లోయకు వెళ్ళాలి. నార్త్ కాస్కేడ్స్ రహదారి శీతాకాలంలో మూసి ఉంటుంది కనుక చుట్టు తిరిగి చేరాలి, రెండు రోజుల సెలవుకు ఆ ప్రయాణం గిట్టుబాటు కాదు. అందుకే ఇప్పుడు లాంగ్‌మైర్‌లోనూ, రద్దుకు వీలు ఉంటే లెవెన్‌వర్త్‌లోనూ గదులు చెప్పి ఉంచుకొని, గడువు దాటకముందే ఫ్రీజింగ్ లెవెల్ చూసి ఒకదానిని వదులుకుంటున్నాము. అది 5,000 అడుగులకు లోపే ఉంటుందనుకుంటే పారడైజ్, 6,500 దాటుతుందంటే తూర్పు వైపు. ఆ రెంటి మధ్య ఉంటే స్నోటెల్ గీతలు తేలేదాకా ఆగుతాము.