ఏడుగురం వెళ్లాం, ఐదుగురం వచ్చాం: ఒకే ట్రిప్పులో హైలాండర్, రావ్4

వెళ్లేటప్పుడు ఏడుగురం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, అత్తయ్య, మా తమ్ముడు, మరదలు. ఆరు రోజుల కొండ ప్రయాణం. రెండు బళ్లలో వెళ్తే సగం కబుర్లు సగంమందికి అందవని, మూడు వరుసల టొయోటా హైలాండర్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉండే బండి) ఒకటి అద్దెకు మాట్లాడాను. మూడో రోజు రాత్రి సెలవు అయిపోయి తమ్ముడూ మరదలూ రైలెక్కారు. నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే వెనక చక్రంలో గాలి లేదు. అద్దె సంస్థకు ఫోన్ చేస్తే "గంటలో వస్తాం" అన్నారు. నాలుగు గంటల తర్వాత వచ్చారు, అదీ టొయోటాదే రెండు వరుసల రావ్4 హైబ్రిడ్‌తో. ఆ నాలుగు గంటలూ బస లాబీలో పిల్లల్ని ఆపడం ఒక ఎత్తు. కానీ దాని పుణ్యమా అని ఒకే కొండల్లో, ఒకే కుటుంబంతో, ఒకే కంపెనీ బళ్లు రెండూ నడిపాను.

రెండూ అన్నదమ్ముల్లాంటివే. మేం నడిపిన తరం మోడళ్లు రెండింటికీ అడుగున ఉన్నది టీఎన్‌జీఏ-కే అనే ఒకే ప్లాట్‌ఫామ్, అంటే బండిని కట్టే పునాది. రెండింట్లోనూ 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనే. పొడవు దగ్గరే దారులు వేరయ్యాయి. రావ్4 దాదాపు 4.6 మీటర్లు, హైలాండర్ 4.95. ఆ మూరెడు తేడాలోనే మూడో వరుస ఇరికించారు.

ఇక అసలు సంగతి, సామాను. మొదటి రోజు పొద్దున డిక్కీ తెరిచి నిలబడ్డ దృశ్యం ఇంకా కళ్లముందే ఉంది. మూడు వరుసలూ లేపి ఉంచితే హైలాండర్‌లో మిగిలేది 268 లీటర్ల చోటు (యూరప్ మోడల్‌కు కంపెనీ చెప్పే లెక్క). క్యాబిన్ బ్యాగ్ 55×40×20 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కోటి 44 లీటర్లు. కాగితం మీద ఆరు పట్టాలి. కానీ బ్యాగులు నీళ్లు కావు, మూలల్లోకి పారవు. మేం తెచ్చుకున్నవేమో రెండు పెద్ద సూట్‌కేసులు, నాలుగు చిన్నవి, అత్తయ్య మందుల సంచీ. అరగంట అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి పెద్ద సూట్‌కేసులు రెండూ బయల్దేరిన చోటే వదిలేశాం. బట్టలన్నీ మెత్తటి గుడ్డ సంచుల్లోకి మార్చాం. అవి ఎక్కడ సందుంటే అక్కడ దూరాయి. మందుల సంచీ మూడు రోజులూ మా ఆవిడ కాళ్ల దగ్గరే. ఆరుగురమే అయితే వెనక వరుసలో ఒక పక్క మడిచి హాయిగా సర్దుకునేవాళ్లం. ఆ ఏడో మనిషితోనే లెక్క తప్పింది.

మూడో వరుసలో పిల్లల్ని కూర్చోబెట్టాం. అక్కడ కాళ్లకు ఉండే చోటు 70 సెంటీమీటర్లు. సీటు నేలకు దగ్గరగా ఉండటంతో పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి. ఈ సైజు మూడు వరుసల బళ్లలో చాలావాటికి ఉన్న ఇబ్బందే ఇది. రెండో రోజు "నేను కూర్చుంటాలే" అని వీరుడిలా వెనక్కి వెళ్లిన తమ్ముడు గంటకే టీ వంక పెట్టి దిగాడు. పిల్లలకు మాత్రం అది వాళ్ల సొంత గది. చెప్పులు విప్పి విసిరేసి, దుప్పటి కట్టి గుడారం చేసుకున్నారు. కాకపోతే వెనక ఇరుసు మీద కూర్చున్నట్టే కదా, మలుపుల్లో చిన్నాడికి కడుపులో తిప్పింది. రెండో వరుసకు మార్చి, చూపు దూరంగా రోడ్డు మీద పెట్టమంటే కుదుటపడ్డాడు. రెండో వరుస 18 సెంటీమీటర్ల దాకా ముందుకూ వెనక్కీ జరుగుతుంది. కొంచెం ముందుకు లాగితే వెనకున్నవాళ్లకు కాస్త ఊపిరాడుతుంది. ఈ సంగతి నాకు మూడో రోజు గానీ తెలియలేదు.

బసల దగ్గర ఇంకో కథ. మొదటి బసలో పరుపులు బాగున్నాయి, సిబ్బంది మర్యాదస్తులు, కానీ పార్కింగ్ నేలమాళిగలో. నేను టేపు తెచ్చి కొలిచేంత చాదస్తుడిని: ఒక్కో గడి 2.4 మీటర్ల వెడల్పు. హైలాండర్ వెడల్పు 1.93 మీటర్లు. పక్కకు 23 సెంటీమీటర్లు మిగిలితే తలుపు తీసి దిగేదెలా? అందర్నీ లిఫ్ట్ దగ్గర దింపేసి, ఒక పక్క గోడకు ఆనించినట్టు పెట్టి నేనొక్కడినే దిగాల్సి వచ్చింది. ఐదో రోజు తిరుగుదారిలో మళ్లీ అదే బస, అదే గడి, ఈసారి రావ్4. దాని వెడల్పు 1.855. ఏడున్నర సెంటీమీటర్లే తేడా అనిపిస్తుంది గానీ, పొట్ట లోపలికి లాక్కోకుండా దిగాను. కొండ మీద రెండో బస కంకర దారి చివర, వాలు మీద. రెండు బళ్లలోనూ వెనక చక్రాలను తిప్పేది విడిగా ఉన్న ఎలక్ట్రిక్ మోటారు, ముందు నుంచి వెనక్కి ఇరుసు కడ్డీ అంటూ ఉండదు. జారుతుందేమోనని భయపడ్డాను గానీ రెండు బళ్లూ గునుస్తూనే ఎక్కాయి.

నడపడంలో రావ్4కే నా ఓటు. పవర్ లెక్క చూస్తే హైలాండర్ 243 హార్స్‌పవర్, రావ్4 219. కానీ పెద్దది దాదాపు 300 కిలోలు బరువెక్కువ. నిండు లోడుతో ఎక్కుడు దారిలో తొక్కితే హైలాండర్ ఇంజన్ గొంతు ముందు లేస్తుంది, వేగం తర్వాత వస్తుంది. రావ్4 ఐదుగురితో చలాకీగా ఎక్కేసింది. మైలేజీ కూడా అంతే: అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే మైలేజీ రేటింగును మన లెక్కలోకి మారిస్తే నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న రావ్4 హైబ్రిడ్ లీటరుకు సుమారు 17 కిలోమీటర్లు, హైలాండర్ సుమారు 15.

హైబ్రిడ్ కొత్తవాళ్లకు ఒక మాట. కొండ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఒక్కసారిగా ఇంజన్ గుర్రుమంటుంది. నాకూ మొదట టెన్షన్ వచ్చింది. దిగుతున్నంతసేపూ మోటారు బ్యాటరీని చార్జ్ చేస్తూ బండిని ఆపుతుంటుంది. బ్యాటరీ నిండిపోయాక ఆ కరెంటు పోవడానికి చోటుండదు కాబట్టి ఇంజన్‌ను తిప్పి వేగం పట్టి ఉంచుతుంది. పాడైంది కాదు, పనిచేస్తోందన్నమాట.

ఇంతకీ ఏది మేలు? తిరుగు ప్రయాణంలో నన్ను ఆశ్చర్యపరిచిన లెక్క ఇది. హైలాండర్ మూడో వరుస మడిచేస్తే డిక్కీ 658 లీటర్లు. రావ్4 డిక్కీ ఎప్పుడూ 580. అంటే ఐదుగురే వెళ్తుంటే పెద్ద బండి అదనంగా ఇచ్చేది రెండు క్యాబిన్ బ్యాగుల చోటు కూడా కాదు. భుజాల దగ్గర విశాలంగా ఉంటుంది, నిజమే. రావ్4 వెనక సీట్లో మనవల మధ్య అత్తయ్య కొంచెం ముడుచుకునే కూర్చున్నారు. అయినా "పిల్లలు చేతికి అందుతున్నారు, ఇదే నయం" అన్నారు. ఏడాదికి రెండుసార్లు చుట్టాలతో వెళ్లడానికి పెద్దది కొనాలనుకునేవాళ్లు నన్నడిగితే, రోజూ తిరగడానికి రావ్4 కొనుక్కుని ఆ రెండుసార్లూ పెద్దది అద్దెకు తీసుకోమంటాను. ముసలివాళ్లూ పిల్లలూ కలిపి ఇంట్లోనే ఆరుగురుంటే మాత్రం హైలాండరే.

అద్దె సంస్థ గురించి న్యాయంగా చెప్పాలంటే, ఆలస్యంగా పంపినా ట్యాంకు నింపి పంపారు, పైసా అదనంగా అడగలేదు. ఒక్కటే మిగిలింది. హైలాండర్ మూడో వరుస కింద చిన్నాడి ఎడమకాలి చెప్పు ఉండిపోయింది. ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాను, "చూసి చెప్తాం సార్" అంటున్నారు. వాడేమో కుడికాలి చెప్పు పారెయ్యనివ్వట్లేదు.