చూస్తూ ఊరుకోవాలా, కల్పించుకోవాలా?

1960 ప్రాంతంలో డాక్యుమెంటరీవాళ్లు రెండు దారులు పట్టారు. రెండింటికీ ఊతం ఒకటే: భుజాన మోసే తేలికపాటి కెమెరా, దాంతోపాటే మాటల్ని పట్టే రికార్డర్.

అమెరికాలో రాబర్ట్ డ్రూ బృందానిది 'డైరెక్ట్ సినిమా'. ఏమీ అడగరు, ఇలా చేయమని చెప్పరు, పక్కన నిలబడి చూస్తారు. జాన్ కెన్నెడీ ఎన్నికల ప్రచారం మీద తీసిన 'ప్రైమరీ' (1960)లో ఆయన భార్య జాక్విలిన్ సభలో మాట్లాడుతుంటే కెమెరా ఆమె వీపు వెనక్కి చేరుతుంది. తెల్ల గ్లవ్స్ తొడుక్కున్న వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటుంటాయి. మొహంలో కనపడని బెరుకంతా అక్కడుంది. ఇంటర్వ్యూలో అడిగితే ఇది దొరికేదా?

ఫ్రాన్స్‌లో జాన్ రూష్, ఎడ్గార్ మొరాన్‌లది 'సినిమా వెరితే'. కెమెరా ముందు ఎవరూ మామూలుగా ఉండరు, మరి కెమెరా లేనట్టు నటించడమెందుకన్నది వీళ్ల వాదన. 1961లో వచ్చిన 'క్రానిక్ దున్ ఎతే'లో పారిస్ వీధుల్లో జనాన్ని ఆపి "మీరు సంతోషంగా ఉన్నారా?" అని అడిగించారు. అంతటితో ఆగలేదు. తీసిన ఫుటేజీని అందులో ఉన్నవాళ్లకే వేసి చూపించారు. కొందరికి అది నిజమనిపించింది, కొందరికి నటన అనిపించింది. ఆ వాదులాటనూ సినిమాలోనే ఉంచేశారు!

నా ఓటు రెండోదానికే. ఊరికే చూశామనేవాళ్లు కూడా ఎడిటింగ్ దగ్గర ఊరుకోరు కదా. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదగ్గరే వాళ్ల అభిప్రాయం దూరిపోతుంది. కాకపోతే కోర్టు గదిలోనో ఆసుపత్రి వార్డులోనో అయితే, ప్రశ్న వేయకుండా ఓ మూల నిలబడేవాళ్లనే నమ్ముతాను.