చీలమండ విరిగినవారికి వాకర్ బూటు: మా అనుభవంలో మంచిచెడ్డలు

అరవై దాటిన మా అమ్మ తడి బాత్రూంలో కాలు మెలికపడి పడిపోవడంతో చీలమండ వెలుపలి ఎముక విరిగింది. డాక్టరు పిండికట్టుకు బదులు మోకాలి కింది వరకు వచ్చే, గాలి నింపే వాకర్ బూటు రాసిచ్చారు. గట్టి ప్లాస్టిక్ చట్రం, లోపల మెత్తటి అస్తరు, వెల్క్రో పట్టీలు, అడుగున వంపు తిరిగిన మందమైన సోలు దీని నిర్మాణం. విప్పి చర్మాన్ని శుభ్రం చేసుకోవచ్చు, డాక్టరు అనుమతించినప్పటి నుంచి చీలమండను పైకీ కిందికీ ఆడించవచ్చు. పిండికట్టుతో ఈ రెండూ కుదరవు. వేసవిలో మాత్రం లోపల విపరీతంగా చెమట పడుతుంది. సోలు ఎత్తు వల్ల నడుము ఒక పక్కకు ఒరిగి నొప్పి పుడుతుంది కాబట్టి రెండో కాలికి అంతే ఎత్తున్న చెప్పు తప్పనిసరి.

అయితే ఈ బూటు అందరికీ కాదు, ఆ సంగతి పెట్టె మీద రాసి ఉండదు. పిక్క వెలుపలి సన్నని ఎముక ఎక్కడ విరిగిందనే దాన్ని బట్టి డాక్టర్లు వెబర్ ఎ, బి, సి అని విభజిస్తారు. పిక్కలోని రెండు ఎముకలను చీలమండ దగ్గర కలిపి ఉంచే స్నాయువుల కంటే కింద విరిగితే ఎ, వాటి మట్టంలో విరిగితే బి, పైన విరిగితే సి. ఎ రకంలో కీలు సాధారణంగా స్థిరంగా ఉంటుంది, సి రకానికి ఎక్కువగా ఆపరేషన్ చేయవలసి వస్తుంది. బి రకమే చిక్కైనది: లోపలి వైపు స్నాయువు కూడా తెగిందో లేదో తేల్చడానికి అమ్మను నిలబెట్టి మరో ఎక్స్‌రే తీశారు, కీలు స్థిరంగా ఉందని తెలిశాకే బూటుకు ఒప్పుకున్నారు. చీలమండ లోపలి, వెనుక వైపుల కూడా ఎముక విరిగినవారు పక్కింటివారి బూటు అడిగి తొడుక్కోవడం ప్రమాదకరం.

యువకుల్లో ఈ గాయాలు ఎక్కువగా వాహన ప్రమాదాల్లో, ఆటల్లో తగులుతాయి. యాభై దాటిన స్త్రీలలో మామూలు జారిపాటే చాలు. అధిక బరువు, పొగతాగడం, షుగరు ముప్పును పెంచుతాయి. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి పట్టీ ఒరిపిడి తెలియక పుండు పడవచ్చు, ఎముక అతకడానికీ ఎక్కువ కాలం పట్టవచ్చు. అందుకే అమ్మకు షుగరు ఉండటంతో రోజూ రెండు పూటలా బూటు విప్పి పాదాన్ని చూసేవాళ్లం, గాలి కూడా బిగుతు తెలిసేంతవరకే నింపేవాళ్లం.

మేము కొన్న వైద్య పరికరాల దుకాణం యజమాని చీటీ చూడనిదే అమ్మలేదు, వాపు ఉన్న కాలినే కొలిచి సైజు ఇచ్చారు. ఆన్‌లైన్‌లో కొనేవారు కూడా చెప్పుల నంబరుతో సరిపెట్టక, పిక్క చుట్టుకొలత తీసుకోవాలి. స్థిరమైన విరుపు అని డాక్టరు నిర్ధారించినవారికి, చెమటను ఓర్చుకోగలిగితే, ఈ బూటును నిస్సంకోచంగా సూచిస్తాను.